ఎనిమిదేళ్ళ రొట్టె

హోషిమ్ అన్న నోరు తెరిస్తే మా బజార్లో త్రాసులు కూడా తూకం తప్పుతాయని చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది కూడా ఆయనే అని నా అనుమానం.

సోమవారం అల్మాటీలో మా బజారుకు సెలవు. ఆ రోజు పొద్దెక్కాక మేం నలుగురం రోజాఖున్ బాబాయ్ టీ కొట్లో చేరతాం. బాబాయ్ ఉయిగర్ మనిషి, మాట తక్కువ, చెయ్యి పెద్దది. జోయా వదిన కొరియా వాళ్ళ బిడ్డ, కారట్ పచ్చడి అమ్ముతుంది, ఆ పచ్చడికన్నా ఘాటు ఆవిడ నాలుక. నేను సాకెన్, కజాకుని, మినీబస్సు తోలుతాను. నాలుగోవాడు హోషిమ్ అన్న, ఉజ్బెకు మనిషి, మార్గిలాన్ ఊరు. అక్కడ వాళ్ళక్క మవ్లూదా పట్టు నేస్తే, ఇక్కడ ఎనిమిదేళ్ళుగా ఈయన అమ్ముతున్నాడు.

ఆ ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఊరెళ్ళాడు. వెళ్ళి నలభై రోజులు ఉన్నాడు. "ఇక తిరగడం చాలు, వచ్చెయ్, ఇక్కడే కొట్టు పెడదాం" అని అక్క కబురు చేసిందట. అది విన్నప్పట్నుంచీ మాకెవరికీ టీ రుచించలేదు. పైగా ఆయన కొట్టు మీద ఒక సాక్సుల వ్యాపారి కన్నేశాడు. ఖాళీ చేసేదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా చెప్పమని బజారు ఆఫీసు వాళ్ళు జోయా వదినకి కబురు పెట్టారు. ఈ నలభై రోజులూ ఆ కొట్టు తలుపు తీసి దుమ్ము దులిపింది ఆవిడే.

నిన్న బస్టాండు నుంచి ఆయన్ని తీసుకొచ్చింది నేను. దారి పొడుగునా మాట్లాడాడు గాని, ఉండడానికి వచ్చాడో, సామాను సర్దుకోవడానికి వచ్చాడో మాత్రం చెప్పలేదు. ఉంటావా పోతావా అని మనిషిని మొహం మీద అడగడం మా దగ్గర మర్యాద కాదు.

ఇంకో సంగతి. ఉజ్బెకుల్లో ప్రయాణం కట్టినవాడు గడప దాటే ముందు ఒక రొట్టె కొరికి ఇచ్చి వెళ్తాడు. మిగిలిన రొట్టెని గోడకి తగిలిస్తారు. తిరిగొచ్చినవాడు దాన్ని తినాలి. తింటేనే వచ్చినట్టు. ఎనిమిదేళ్ళ కిందట ఊరు వదిలినప్పుడు వాళ్ళక్క ఇంట్లో ఒకటి కొరికి వచ్చాడు. మొన్న ఇక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు జోయా వదిన వదల్లేదు, "అక్కడికేనా, మాకూ ఒకటి కొరికి పో" అని బాబాయ్ తందూరులోంచి తీసిన రొట్టె నోటికి అందించింది. అది నలభై రోజులుగా టీ నీళ్ళు కాగే సమోవార్ పైన మేకుకి వేలాడుతోంది. ఇవాళ ఆయన వచ్చి దాని కిందే కూచున్నాడు. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. అందరం గమనించాం. కాళ్ళ మధ్య ఒక సంచి పెట్టుకున్నాడు, దాన్నీ గమనించాం.

ఎండు ఆప్రికాట్లు, అక్రోట్లు అందరికీ పంచాడు. పంచి, టీ గిన్నె అందుకుని, చాలా వినయంగా మొదలెట్టాడు.

"పెద్దగా చెప్పుకోవాల్సిందేం లేదు. వెళ్ళాను, మా అక్కని చూశాను, నా రొట్టె నేను తిన్నాను, వచ్చాను. అంతే."

అని ఒక గుక్క తాగి ఊరుకున్నాడు. ఇది ఆయన పద్ధతి. ఎవరో ఒకరు అడగాలి. నేనే అడిగాను, "ఏ రొట్టె అన్నా?"

"ఏ రొట్టె ఏవిటి తమ్ముడూ! ఎనిమిదేళ్ళ కిందట నేను కొరికి ఇచ్చిన రొట్టె, మా అక్క మగ్గానికి ఎదురుగా గోడకి తగిలించిన రొట్టె! ఎనిమిది ఎండాకాలాలు చూసింది, ఎనిమిది చలికాలాలు చూసింది, ఆ మగ్గం చప్పుడు రోజూ వినీ వినీ అదీ ఒక కుటుంబ సభ్యురాలైపోయింది, ఇంటికొచ్చిన చుట్టాలు ముందు దానికి సలాం పెట్టి తర్వాత మా అక్కకి పెడతారు. ఇక గట్టిదనం అంటావా, మొదటి ఏడాది చెక్క, మూడో ఏడాది ఇటుక, అయిదో ఏడాది నుంచి దానికి పేరు పెట్టడం మా ఊరివాళ్ళు మానేశారు. మా అక్క సంగతి మీకు తెలీదు గాని, మవ్లూదా అంటే మార్గిలాన్‌లో పట్టుపురుగులు కూడా సర్దుకు కూచుంటాయి. ఆవిడ మగ్గం మీద కూచుందంటే ఆ చప్పుడుకి వీధివీధంతా గడియారాలు సరిచేసుకుంటారు. దారం తెంపడానికి కత్తెర ముట్టదు, అంతా పళ్ళతోనే. మా చిన్నప్పుడు అక్రోట్లు పళ్ళతోనే పగలగొట్టి మాకు పెట్టేది. ఒకసారి మగ్గానికి కట్టిన ఇనప తీగ బిగుసుకుపోతే, మేమంతా పటకారు కోసం వెతుకుతుంటే, వంగి కటుక్కున కొరికేసి మళ్ళీ నేతలో పడింది."

"ఊఁ, ఇనప తీగ కొరికింది," అంది జోయా వదిన కారట్ తొక్క తీస్తూ. సెలవురోజున కూడా ఆవిడ చేతిలో కారట్ ఉండాల్సిందే.

"నమ్మకపోతే నీ ఇష్టం వదినా. వినండి. నేను వెళ్ళిన రోజే మా అక్క ఆ రొట్టెని దించుదామని పట్టుకుంది. రాలేదు. లాగింది. మేకుతో సహా వచ్చింది, మేకుతో బాటు గోడలో రెండు చేతులంత పెళ్ళ ఊడి వచ్చింది, ఆ కన్నంలోంచి పక్కింటి ఉస్మాన్ మొహం కనిపించింది, ఆయన అన్నం తింటున్నాడు. ఆ బరువుకి చెయ్యి జారి రొట్టె కింద పడింది. ఏం పగిలిందనుకుంటున్నారు?"

"రొట్టె," అన్నాను.

"నేల! పలకలు రెండు ముక్కలు. రొట్టెకి గీత పడలేదు. అయ్యో రొట్టె నేలపాలైందే అని ఇద్దరం గబగబా ఎత్తి నుదుటికి అద్దుకున్నాం. ఇదిగో ఇక్కడ బొప్పి, చూడు, ఇప్పటికీ పోలేదు."

బాబాయ్ ముందుకు వంగి పరీక్షగా చూశాడు. "అది పుట్టుమచ్చ."

"బొప్పి దాని పక్కన బాబాయ్, వెలుతుర్లో కనపడదు. సరే, కూచున్నాను. బిస్మిల్లా అన్నాను. కొరికాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో ఉన్న నలభై మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయాయి! పావురాలన్నీ లేచి వాటిలో సగం పక్క జిల్లాకి వలస పోయాయి! ఉస్మాన్ ఆ కన్నంలోంచి 'భూకంపం, భూకంపం' అని అరుస్తూ పలావు పళ్ళెం నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. నా పళ్ళకీ రొట్టెకీ మధ్య నిప్పురవ్వలు లేచాయి. మా అక్క చూడు, ఎంత పొదుపరి మనిషో, ఆ రవ్వలు వృథా కానివ్వడమెందుకని పొయ్యి దగ్గరికి జరిపింది, ఆ రవ్వతోనే పొయ్యి అంటుకుంది, ఆ పొయ్యి మీదే పలావు వండింది. అగ్గిపుల్ల ఖర్చు లేదు."

"పన్ను ఊడలేదా?" అన్నాను నేను, మాట కలపడానికి.

"నా పన్నా? తమ్ముడూ, ఆ రోజునుంచీ నా పళ్ళకి పదును పెరిగింది. నమిలినప్పుడు ఒక తునక ఎగిరి వాకిట్లో పడింది. కోడి తినేసింది. మర్నాడు ఆ కోడి ఒక గుడ్డు పెట్టింది, అందులోంచి పిల్ల రాలేదు, ఎనిమిదేళ్ళ ముసలి పుంజు దగ్గుకుంటూ బయటికొచ్చింది. వచ్చీ రాగానే ఈ వీధి ఇదివరకులా లేదని సణుక్కుంటూ కూచుంది."

నాకు నవ్వాగలేదు, టీ ముక్కులోకి పోయింది. బాబాయ్ కూడా మీసం కింద నవ్వాడు. జోయా వదిన మాత్రం కెటిల్ అందుకుని హోషిమ్ అన్న గిన్నెని అంచుదాకా నింపేసింది. మా వైపు గిన్నెలో రెండు గుక్కలే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోస్తూ మనిషిని కూచోబెట్టుకుంటారు. అంచుదాకా పోశారంటే తాగి బయల్దేరమని.

"ఏంటి వదినా, పొమ్మంటున్నావా?"

"అబద్ధాన్ని పొమ్మంటున్నాను. నువ్వు కూచో."

ఆ మాట ఆవిడ తేలిగ్గానే అంది గాని, అని సంచి వైపు చూసింది. హోషిమ్ అన్న ఆ చూపు పట్టుకున్నాడు. సంచిని కాస్త లోపలికి జరిపి మళ్ళీ అందుకున్నాడు.

"మర్నాటికి సంగతి ఊరంతా పాకిపోయింది. ఎనిమిదేళ్ళ రొట్టె తిన్న మనిషి వచ్చాడట అని. తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఏవిటో తెలుసా? రొట్టెలు. అన్నీ కొరికినవే. మా ఊళ్ళో ఏ ఇంటి గోడ చూసినా ఒకటి వేలాడుతుంది, కొడుకుదో, తమ్ముడిదో, మొగుడిదో. ఒకడు రష్యాలో గోడలు కడుతున్నాడు, ఒకడు కొరియాలో ఫ్యాక్టరీలో ఉన్నాడు వదినా, మీ తాతల దేశంలో. నాలుగొందల రొట్టెలు! వరస మా వీధి దాటి, బజారు దాటి, రైలు పట్టాల దాకా పోయింది. ఆ రోజు రైలు రెండు గంటలు ఆగింది. అందరికీ ఒకటే ప్రశ్న. 'హోషిమ్‌జాన్, నువ్వు తిరిగొచ్చినవాడివి, నీకు తెలుస్తుంది. ఈ కొరుకు చూసి చెప్పు, మా వాడు వస్తాడా?'"

"చెప్పావా?" అంది జోయా వదిన. కారట్ తొక్క తియ్యడం ఆపింది.

"చెప్పకేం చేస్తాను! ఒక్కో రొట్టె చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చదివాను. ఇది పైవరస పన్ను ఒకటి లేనివాడు, ఇది నవ్వుతూ కొరికినవాడు, ఇది ఏడుపు ఆపుకుంటూ కొరికినవాడు అని. ఒక కొత్తకోడలు వచ్చింది. నిండా ఇరవయ్యేళ్ళు ఉండవు. మొగుడు పెళ్ళయిన నెలకి వెళ్ళాడట, రొట్టె మూడేళ్ళది. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. నోరు తెరిచి అడగను కూడా లేదు, ఇచ్చి నిలబడింది. నేను చూశాను. చూడమ్మా, వీడు అంచు కొరికాడు, మెత్తటి మధ్యభాగం నీకు వదిలేశాడు. పోయేవాడు మధ్యలో కొరుకుతాడు, వచ్చేవాడు అంచు కొరుకుతాడు. నీవాడు వస్తాడు, అన్నాను."

అదేం కోతో ఏం నిజమో గాని, ఆ పిల్ల నా కళ్ళముందు నిలబడ్డట్టే అయింది.

ఎవరూ అనుకోకుండానే ముగ్గురం తలెత్తి సమోవార్ పైనున్న రొట్టె వైపు చూశాం. దాని కొరుకు గోడ వైపు తిరిగి ఉంది. జోయా వదిన లేచి, మునివేళ్ళ మీద నిలబడి, రొట్టెని ఇటు తిప్పింది. అంచే కొరికి ఉంది. ఆవిడ వచ్చి కూచుంది.

నాకు అప్పుడు తట్టింది. "అన్నా, రొట్టెని మధ్యలో ఎవడు కొరుకుతాడు? ఎవడైనా అంచేగా కొరికేది!"

"అందుకే అందరూ వస్తారు తమ్ముడూ."

"నాలుగొందల మందికీ అదే చెప్పావా?"

"నాలుగొందల మందికీ అదే చెప్పాను," అన్నాడు హోషిమ్ అన్న. ఆ ఒక్క మాట మెల్లగా అన్నాడు.

బాబాయ్ ఆయన గిన్నెలో చల్లారిపోయిన టీ పారబోసి, మళ్ళీ రెండు గుక్కలు పోశాడు. ఈ మనిషి కోతలు నేను ఎనిమిదేళ్ళుగా వింటున్నాను. వాటిలో నన్ను కట్టి పడేసేది అబద్ధం కాదు. ఎంత అబద్ధమాడినా అందులో ఎవరినీ చిన్నబుచ్చడు. అందరినీ ఒక మెట్టు పైనే కూచోబెడతాడు. తనని నాలుగు మెట్లు, సరే.

"ఇక మా నగర పెద్ద దగ్గరికి పోయింది వార్త," అని గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటి మనిషిని వదులుకుంటామా, మళ్ళీ అల్మాటీ పోనిస్తామా అని బాజాలతో వచ్చాడు. వచ్చి నాకొక పట్టు అంగరఖా తొడిగాడు. గౌరవం కదా, తొడుక్కున్నాను. ఆయన వెనక ఇంకొకాయన, ఇంకో అంగరఖా. మా దగ్గర తొడిగినదాన్ని విప్పితే అవమానం. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, తొంభైతొమ్మిది అంగరఖాలు! చేతులు పక్కకి రావు, మోకాళ్ళు వంగవు. మా అక్క గుమ్మంలోంచి లోపలికి పట్టకపోతే, పుచ్చకాయని దొర్లించినట్టు నలుగురు దొర్లించుకుంటూ వాకిట్లోంచి పెరట్లోకి తీసుకుపోయారు. ఆ పెరట్లోనే సభ. 'ఉండిపో హోషిమ్‌జాన్, నీకు పట్టు బజార్లో మొదటి కొట్టు ఇస్తాం, కాలవకి నీ పేరు పెడతాం, నీ రొట్టె ముక్కకి మ్యూజియం కడతాం.' ఒకటే బతిమాలడం."

"రొట్టె తినేశానన్నావుగా, ఇంక ముక్కెక్కడిది?" అంది జోయా వదిన.

"తింటే అంతా కడుపులోకే పోతుందా వదినా, నిప్పురవ్వలు మిగల్లేదూ? వాటిని సీసాలో పెట్టారు."

ఆవిడ చెయ్యి మళ్ళీ కెటిల్ వైపు వెళ్ళింది. బాబాయ్ ఆపాడు. "కానీ," అన్నాడు, "చివరిదాకా కానీ."

"నేను వద్దన్నాను. అక్కడ బజార్లో మా వాళ్ళున్నారు, నేను లేకపోతే సాకెన్ గాడు దారి మర్చిపోయి బస్సుని చైనాలోకి తోలేస్తాడు, వదిన పచ్చడిలో కారం వెయ్యడం మర్చిపోతుంది, బాబాయ్ ఎలాగూ మాట్లాడడు, ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ ఎండిపోతారు, పాపం తగుల్తుంది, వెళ్ళాలి అన్నాను. వాళ్ళు వినరే! ఏం చేశారో తెలుసా? నేను ఎక్కాల్సిన బస్సు చక్రాలు నాలుగూ ఊడదీసి దాచేశారు. పొద్దున బస్టాండుకి పోతే బస్సు కాళ్ళు ముడుచుకున్న తాబేలులా కూచుంది, లోపల ముప్ఫై అయిదు మంది నిద్రపోతున్నారు. అప్పుడు నేనేం చేశాను? కిందకి దూరి, వీపు ఆనించి, ఊఁ అని లేచాను. లేచి నడిచాను. కామ్చిక్ కనుమ ఎక్కాను. పైన మంచు, గాలి, చెవులు ఊడి వెనక్కి కొట్టుకుపోతుంటే పట్టుకుని మళ్ళీ తగిలించుకున్నాను. ఒక ముసలాయన బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, 'డ్రైవరు బాబూ, కాస్త నెమ్మదిగా, కుదుపుతోంది' అన్నాడు. సరేనని నెమ్మదించాను. తాష్కెంటు దాటి సరిహద్దు దగ్గరికొచ్చేసరికి అక్కడ సిపాయి ఆపాడు. వాహనానికి కాగితాలేవి అన్నాడు. వాహనమేంటి నాయనా, ఇది నా సంచి అన్నాను. సంచిలో ఏముందన్నాడు. ముప్ఫై అయిదు మంది, పోయినేడు ఎండిన ఆప్రికాట్లు అన్నాను. ఆప్రికాట్లు రెండు తీసుకుని ముద్ర కొట్టేశాడు!"

"ఆ బస్సు నిన్న నేను చూశాను," అన్నాను. "చక్రాలు ఆరున్నాయి. రెండు పంక్చర్లు, నాలుగు గంటలు ఆలస్యం. దిగగానే 'నా నడుం పోయింది, సంచి నువ్వు పట్టుకో' అన్నావు."

"మరి బస్సు మోస్తే నడుం పోదా?"

అందరం నవ్వాం. నవ్వులు తగ్గాక ఆయన మళ్ళీ ఏదో అందుకోబోయాడు. ఇంతలో బాబాయ్ లేచాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, స్టూలు జరుపుకుని ఎక్కి, మేకు మీది రొట్టె దించాడు. దుమ్ము ఊదాడు, నుదుటికి అద్దుకున్నాడు, తెచ్చి హోషిమ్ అన్న ముందు గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు.

"ఇది నలభై రోజులదే," అన్నాడు. "నీకు ఇదొక లెక్కా. తిను."

హోషిమ్ అన్న రొట్టె వైపు చూశాడు. మా వైపు చూశాడు. తిన్నాడా, వచ్చినట్టు. తినలేదా, సాక్సుల వ్యాపారికి కబురు పెట్టాల్సిందే.

రెండు చేతులతో ఎత్తి నోట్లో పెట్టుకుని కొరికాడు. మగ్గాలేవీ ఆగలేదు. పావురాలు లేవలేదు. రొట్టె టక్ మంది, హోషిమ్ అన్న "అమ్మా" అని దవడ పట్టుకున్నాడు.

"రవ్వలేవి?" అంది జోయా వదిన. "భూకంపం ఏది? ఎనిమిదేళ్ళదాన్ని నమిలేసిన పళ్ళు నలభై రోజులదానికి గీత పెట్టలేకపోయాయేం? నువ్వు ఆ రొట్టె తినలేదు హోషిమ్."

"ఊరంతా నెత్తిన పెట్టుకు మోసిందన్నాడు," అన్నాడు బాబాయ్. ఆయన నోటి నుంచి ఇన్ని మాటలు ఒకేసారి రావడం నేను చూడ్డం అదే మొదటిసారి. "మూడో రోజునుంచీ నాకు ఫోన్లు. బాబాయ్, నా రొట్టెకి ఎలకలు పట్టలేదు కదా. బాబాయ్, చెమ్మ తగలట్లేదు కదా. తొంభైతొమ్మిది అంగరఖాల్లో చెయ్యి పక్కకి రానివాడు ఫోను ఎలా పట్టుకున్నాడో!"

ఈసారి ఎవరం నవ్వలేదు. ఆయన మొహం అలా అయింది. దవడ మీంచి చెయ్యి తీసి రొట్టెని గుడ్డ మీద పెట్టాడు.

"ఆ రొట్టె తియ్యనివ్వలేదు," అన్నాడు చివరికి. "మొదటి రోజే చెయ్యి చాచాను. మా అక్క చేతి మీద ఒక్కటిచ్చింది. 'అది తిరిగొచ్చినవాడిది. నువ్వు చూసి పోవడానికొచ్చావు' అంది. నేను ఉందామనే వెళ్ళాను వదినా, అబద్ధం కాదు. 'నువ్వే కదా రమ్మన్నావు, ఉంటాను, ఆ రొట్టె ఇయ్యి' అన్నాను అక్కతో. నెల రోజులు చూస్తానంది. నెల తిరిగాక కూచోబెట్టి ఏం చెప్పిందో తెలుసా? 'వచ్చిన దగ్గర్నుంచి మా బజారు అంటావు, మా వదిన అంటావు, మా సాకెన్ గాడు అంటావు. నా చేతి పలావు తింటూ బాబాయ్ చేతి నూడుల్స్ తలుచుకుంటావు. ఎక్కడో గోడ మీది రొట్టెకి ఎలకలు పట్టాయేమోనని రోజూ ఫోన్లు చేస్తావు. ముందు పోయి అది తిను. ఇది ఎక్కడికీ పోదు' అంది. కలుద్దామనుకున్న స్నేహితులు కూడా ఎవరూ లేర్రా తమ్ముడూ. చిన్నప్పటి వాళ్ళంతా గోడల మీద రొట్టెలై ఉన్నారు. పుట్టిన ఊళ్ళో నా రొట్టె నాకు పెట్టలేదంటే మీ దగ్గర తలెత్తుకోవడం ఎలా? అందుకని నాలుగు కలిపాను."

"నాలుగొందలు కలిపావు," అన్నాను. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆ క్షణంలోనే నాకే తెలిసింది.

"ఆ కొత్తకోడలు?" అంది జోయా వదిన.

"ఆ పిల్ల నిజం. పక్కింట్లోనే. ఆ ఒక్క రొట్టే చూశాను."

జోయా వదిన కళ్ళు తుడుచుకుని, అది కారట్ తొక్కల వాసనకి అంది. మా మర్యాదలన్నీ పక్కన పెట్టి అడిగేసింది, "ఇంతకీ ఉంటున్నావా, పోతున్నావా? సాయంత్రంలోగా చెప్పాలి నేను."

రొట్టెలోంచి ఒక అంచు బలంగా విరిచి, టీ గిన్నెలో ముంచాడు. మెత్తబడేదాకా ఆగి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగాడు. మళ్ళీ ముంచాడు. మేం ముగ్గురం చూస్తూ కూచున్నాం. రొట్టె మొత్తం అయిపోయింది. చివర గుడ్డ మీద మిగిలిన నలుసులు కూడా వేలికద్దుకుని తినేశాడు. జోయా వదిన గిన్నెలో రెండే రెండు గుక్కలు పోసి ఆయన ముందు పెట్టింది.

"సాకెన్, ఆ సాక్సుల వాడికి వేరే కొట్టు చూసుకోమని చెప్పిరా," అంది.

"వెళ్తాను, ముందు ఆ సంచిలో ఏముందో చూడనీ," అన్నాను.

హోషిమ్ అన్న సంచి తెరిచాడు. పైన పట్టుబట్టలు, వాటి కింద చారల పట్టుగుడ్డలో చుట్టిన మూట. జాగ్రత్తగా రెండు చేతులతో బయటికి తీశాడు.

"ఇది మా అక్కది. నేను బస్సెక్కేటప్పుడు వేడివేడి రొట్టె తెచ్చి, నన్ను కొరకమంటుందనుకుంటే తనే కొరికి నా చేతిలో పెట్టింది. 'మీ టీ కొట్లో తగిలించు. వసంతంలో నౌరోజ్ పండక్కి వచ్చి తింటాను. నిన్ను అంతగా పట్టి లాగిన వాళ్ళెవరో చూడాలి' అంది. వెళ్ళేవాళ్ళు ఉన్నచోట కొరకాలి గాని, రాబోయే చోటికి కొరికి పంపడం మా దగ్గర ఎక్కడా లేదు. ఏం చెయ్యమంటారు, మా అక్క ఆచారాలు కూడా మగ్గం మీద నేసేస్తుంది. బాబాయ్, మేకు ఖాళీ అయింది కదా?"

"ఆ మేకు దానికే," అన్నాడు బాబాయ్.

జోయా వదిన మూట అందుకుని విప్పింది. నేనూ వంగి చూశాను. పెద్ద పళ్ళెమంత రొట్టె, బొటనవేలంత మందం అంచు. ఒకే ఒక్క కొరుకు. ముప్పాతిక భాగం మిగిలింది, అంచుతో సహా పాతిక భాగం కత్తితో కోసి తీసినట్టు ఎగిరిపోయింది.

ఆవిడ రొట్టెని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, హోషిమ్ అన్న వైపు తిరిగింది.

"ఇనప తీగ ఒక్కటే అన్నావు. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి హోషిమ్, నువ్వొక సంగతి తగ్గించి చెప్పడం."